సబ్బుల లేబుళ్లు: ఇంట్లో ప్రింటరా, బయట ప్రెస్సా?

నమస్కారమండీ. ఈ వారం వ్లాగ్‌లో ఊరు చూపించడం లేదు, షాపింగూ లేదు. మా కిటికీ గట్టు మీద వరుసగా నిలబెట్టిన ఐదు సీసాలను చూపించి, వాటి మీదున్న లేబుళ్లను ఏ పద్ధతుల్లో ముద్రించానో, చివరికి దేనికి ఒప్పుకున్నానో చెప్పడమే ఈ వీడియో. పరాయి దేశం వచ్చాక ఇంటిపట్టున ఉండి సబ్బులు, తలనూనె తయారు చేసి అమ్ముతున్నానని ముందు నుంచి చూస్తున్నవారికి తెలుసు. సరుకు కుదరడానికి పట్టిన సమయం కన్నా దాని మీద అంటించే నాలుగంగుళాల స్టిక్కర్ కుదరడానికే ఎక్కువ సమయం పట్టిందంటే మీరు నవ్వుతారు గానీ, అది నిజం.

మొదట్లో ఇంట్లో ఉన్న ఇంక్‌జెట్ ప్రింటరుతోనే పని కానిచ్చాను. "ప్రింటర్ ఇంట్లోనే ఉండగా బయట ఇవ్వడమెందుకు?" అని మా వారు అన్నారు, నాకూ సబబుగానే తోచింది. రంగులు ముచ్చటగా వచ్చాయి. కానీ తలనూనె సీసా ఉండేది స్నానాల గదిలో, దాన్ని పట్టుకునేది తడి చేతులతో. మొదటి సీసాను కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, చూడండి: అక్షరాల అంచులు తడి కాగితం మీద వెంట్రుకల్లా పాకిపోయాయి, ఆకుల బొమ్మ కింద ఒక నీలి మరక కట్టింది. ఇందులో వాడింది డై ఇంకు, అంటే నీటిలో కరిగే రంగు. పిగ్మెంట్ ఇంకులో రంగు కరగకుండా సన్నని రేణువులుగా తేలుతుంది. ద్రవం ఆరిపోయాక ఆ రేణువులు పైపూతను పట్టుకొని నిలిచిపోతాయి. రెండో సీసా మీద ఉన్నది అదే, సింథటిక్ షీటు మీద. రాత్రంతా బకెట్టులో ముంచి ఉంచినా చెదరలేదు. పదుల సంఖ్యలో లేబుళ్లు చాలనుకునేవారు ఇక్కడితో ఈ వీడియో ఆపేయవచ్చు.

నేను ఆగలేదు, లేజర్ ప్రింటర్ కూడా కొన్నాను. లేజర్‌లో తడి ఇంకు ఉండదు, టోనర్ అనే పొడి ఉంటుంది. ఆ పొడిని స్థిర విద్యుత్తుతో కాగితం మీదికి తెచ్చి, వేడి రోలర్ల మధ్య కరిగించి అతికిస్తారు. 1938లో చెస్టర్ కార్ల్‌సన్ తన చిన్న ప్రయోగశాలలో పొడితో మొదటి నకలు తీసిన ఊహే ఇప్పటికీ మన బల్ల మీద పనిచేస్తోంది. ఆ వేడి దగ్గరే నేను దెబ్బతిన్నాను. ఇంక్‌జెట్ కోసం కొన్న ప్లాస్టిక్ షీట్లు మిగిలిపోయాయని లేజర్‌లో పెట్టాను. అవి పాలీప్రొపిలీన్, ఆ ప్లాస్టిక్ దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, లేజర్ రోలరేమో దాదాపు 200 డిగ్రీలకు కూడా వెళ్తుంది. షీటు ముడుచుకొని రోలరుకు చుట్టుకుంది, జిగురు లోపల కారింది, ప్రింటర్ పని అయిపోయింది. తప్పు యంత్రానిది కాదు, ప్యాకెట్ మీద రాసింది చదవని నాది. లేజర్‌కు పనికొచ్చేవని స్పష్టంగా రాసి ఉన్న పాలియెస్టర్ షీట్లు కొని, స్నేహితురాలి ప్రింటరులో జాగ్రత్తగా తీసింది ఈ మూడో సీసా లేబుల్. నీటికీ నూనెకీ బాగానే నిలిచింది, మడత పడ్డ చోట మాత్రం టోనర్ సన్నగా పగిలింది.

నాలుగు, ఐదు సీసాల మీదున్నవి థర్మల్ లేబుళ్లు. ఈ రెంటి మధ్య తేడా తెలియక చాలామంది మోసపోతారు కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను. డైరెక్ట్ థర్మల్‌లో ఇంకూ ఉండదు, రిబ్బనూ ఉండదు. వేడి తగిలిన చోట కాగితం మీది రసాయన పూతే నల్లబడుతుంది. పార్సిళ్ల మీద చిరునామా స్టిక్కర్లు, దుకాణం రసీదులు చాలావరకు ఇవే. పార్సిల్ చేరేదాకా ఉంటే చాలు కాబట్టి అక్కడ అది సరైన ఎంపిక. నా నాలుగో సీసా ఆరు వారాలు ఎండలో ఉండేసరికి, అక్షరాలు ఉన్నాయని తెలిసినవారికే కనిపించేంతగా వెలిసిపోయింది. థర్మల్ ట్రాన్స్‌ఫర్‌లో మాత్రం రిబ్బన్ మీది నల్లని పూత కరిగి లేబుల్ మీదికి దిగుతుంది. మైనం రిబ్బన్ కాగితానికి బాగుంటుంది, గోటితో గీకితే లేస్తుంది; రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థం పూసిన రిబ్బన్, ప్లాస్టిక్ మీద గట్టిగా కూర్చుంటుంది, నూనెకూ రాపిడికీ లొంగదు; రెండూ కలిపినది మధ్య రకం. ఐదో సీసాకు రెజిన్ వాడాను, ఆరు వారాల తర్వాత కూడా నిన్న తీసినట్టే ఉంది.

అయితే దానికీ ఒక చిక్కు వచ్చింది. నేను లేబుల్ మీద సరుకు పేరు తెలుగులో కూడా వేస్తాను. మా అమ్మకు వీడియో కాల్‌లో ఆ సీసా చూపిస్తే, కళ్లజోడు సర్దుకొని, "ఇది పావత్తా, వావత్తా అమ్మాయ్?" అని అడిగింది. నా ప్రింటర్ 203 డీపీఐది, అంటే అంగుళానికి 203 చుక్కలు, మిల్లీమీటరుకు 8. ఇంగ్లీషు అక్షరాలు ఆ చుక్కల్లో చిన్న సైజులోనూ ఇమిడిపోతాయి. మన లిపికి పైన గుడి, కింద వత్తు, మధ్యలో సున్నా చుట్లు ఉంటాయి కదా. సైజు తగ్గించేసరికి వత్తు లోపలి తెల్లని ఖాళీ పూర్తిగా పూడిపోయి నల్లని బొట్టుగా మిగిలింది. 300 డీపీఐ ప్రింటరులో మిల్లీమీటరుకు దాదాపు 12 చుక్కలు పడతాయి, అక్కడ అదే వత్తు విడిగా కనిపించింది. బార్‌కోడుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. దుకాణాల్లో సరుకుల మీద ఉండే ఈఏఎన్-13 బార్‌కోడులో అన్నిటికన్నా సన్నని గీత ప్రామాణిక వెడల్పు 0.33 మిల్లీమీటర్లు. 203 డీపీఐలో ఒక చుక్క 0.125 మిల్లీమీటర్లు కాబట్టి అది నిండు చుక్కల్లో కుదరదు. 300లో నాలుగు చుక్కలు వేస్తే దాదాపు సరిపోతుంది. తెలుగు లేబుల్ వేయాలనుకునేవారు 300 కన్నా తక్కువది కొనవద్దని నా గట్టి సలహా.

ఇక రంగుల లేబుళ్లు వేలల్లో కావాలంటే ప్రెస్సుకు ఇవ్వక తప్పదు. అక్కడ ముఖ్యంగా వినిపించే మాటలు రెండు: ఫ్లెక్సో, డిజిటల్. ఫ్లెక్సోలో మెత్తని ఫొటోపాలిమర్ ప్లేటు మీద బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది. అనిలాక్స్ అనే రోలరు మీద కంటికి కనిపించనంత చిన్న గుంటలుంటాయి, అవి ప్రతిసారీ ఒకే మోతాదులో ఇంకును ప్లేటుకు అందిస్తాయి, రోల్ ఆగకుండా పరుగెడుతుంది. 1952 వరకు దీన్ని అనిలైన్ ముద్రణ అనేవారు. విషపూరిత రంగులన్న అపోహ పోగొట్టడానికి పేరే మార్చేశారు. డిజిటల్‌కు ప్లేటు ఉండదు, ఫైలు పంపితే చాలు. 1990లలో మొదలైన ఈ దారి వల్లే నాలాంటివారికి కొన్ని వందల లేబుళ్లు కూడా ప్రెస్సు నాణ్యతతో దొరుకుతున్నాయి.

ఎన్ని కావాలన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. ప్లేట్లకూ యంత్రం సర్దడానికీ అయ్యే ఖర్చును, ఒక్కో లేబుల్‌కు డిజిటల్ ధరకూ ఫ్లెక్సో ధరకూ ఉన్న తేడాతో భాగిస్తే, ఎన్ని లేబుళ్ల దగ్గర ఫ్లెక్సో లాభమవుతుందో తేలుతుంది. నా దగ్గర ఏడు రకాల సబ్బులున్నాయి, ఫ్లెక్సోలో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు, నాలుగు రంగుల చొప్పున 28 ప్లేట్లు కావాలి. ప్రెస్సులో పనిచేసే ఒక పెద్దాయన నా డిజైను చూసి ఒక ఉపాయం చెప్పారు: బొమ్మ అన్నిటికీ ఒకటే ఉంచి, మారే పేర్లన్నీ నలుపులోనే పెడితే, మూడు రంగులకు మూడు ప్లేట్లు, నలుపుకు ఏడు, మొత్తం పదితో సరిపోతుంది. ఆ మాటకు ఆయనకు చేతులెత్తి నమస్కరించాను.

అయినా ఫ్లెక్సో వైపు వెళ్లలేదు. కారణం సంఖ్య కాదు. గత ఏడాదిలో పదార్థాల జాబితాను మూడుసార్లు మార్చాను: ఒకసారి సువాసన తైలం మారింది, ఒకసారి అచ్చుతప్పు దొరికింది, ఒకసారి బరువు మారింది. చవక అని పదివేలు వేయించి ఉంటే అందులో సగానికి పైగా అటక మీదే ఉండేవి. లేబుల్ ఎన్ని కావాలో కాదు, ఎన్నిసార్లు మారుతుందో ముందు లెక్కపెట్టుకోవాలన్నది నాకు తెలిసివచ్చిన సంగతి. ఏడాదిపాటు ఒక్క అక్షరమూ మారని రకం ఏదైనా తేలితే దాన్ని ఒక్కదాన్నే ఫ్లెక్సోకు ఇస్తాను.

ప్రస్తుతానికి చేస్తున్నది ఇది. రంగుల భాగం డిజిటల్ ప్రెస్సులో, పాలీప్రొపిలీన్ రోల్ మీద వేయిస్తున్నాను. కింద ఒక తెల్లని గడి ఖాళీగా ఉంచమన్నాను. బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ ఇంట్లో థర్మల్ ట్రాన్స్‌ఫర్‌తో ఆ గడిలో కొడతాను. మొదటి రోల్‌లో ఆ గడి మీద కూడా మెరుపు వార్నిష్ పూసేశారు, రిబ్బన్ అక్షరాలు దాన్ని పట్టక వేలితో తుడిస్తే రాలిపోయాయి. రెండో రోల్‌కు వార్నిష్ వదలాల్సిన చోటును ఫైలులోనే విడి పొరగా గీసి పంపాను. అదే రోల్ ఇప్పుడు ప్రింటరులో ఉంది. మొదటి లేబుల్ బయటికి వస్తోంది, దగ్గరగా చూపిస్తాను: తేదీ గడికి ఒక మిల్లీమీటరు కుడిగా పడింది, సెన్సర్ మళ్లీ సర్దాలి, వత్తులు మాత్రం విడివిడిగా కనిపిస్తున్నాయి.