ఇంతకీ యోజనం ఎన్ని మైళ్లు?

నమస్కారం. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి పక్కన పెట్టుకోండి. దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదన ఈ వీడియోలో లేదు. గుణకారం, భాగహారం మాత్రమే ఉన్నాయి.

మీ ఫ్యామిలీ గ్రూపులోకి ఈ రెండు మెసేజ్‌లూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటాయి. మొదటిది హనుమాన్ చాలీసా గురించి. "జుగ సహస్ర జోజన పర భానూ, లీల్యో తాహి మధుర ఫల జానూ" అన్న పాదంలో తులసీదాసు భూమికీ సూర్యుడికీ మధ్య దూరం చెప్పేశాడట. లెక్క ఎలాగంటే, యుగం 12,000, సహస్రం 1,000, యోజనం 8 మైళ్లు. మూడూ గుణించండి. 9 కోట్ల 60 లక్షల మైళ్లు, అంటే 15 కోట్ల 45 లక్షల కిలోమీటర్లు. ఇవాళ కొలిచిన సగటు దూరం 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు. దగ్గరగానే వచ్చింది, కాదనడం లేదు.

రెండోది ఋగ్వేదం గురించి. సూర్యుడు అర నిమేషంలో 2,202 యోజనాలు పోతాడని అందులో ఉందట, అదే కాంతి వేగమట. నిమేషం అంటే రెప్పపాటు, నిమిషం కాదు. సెకనును 75 భాగాలు చేస్తే అందులో 16 భాగాలు. అందులో సగం 0.1067 సెకను. యోజనం 9 మైళ్లు. 2,202ని 9తో గుణించి 0.1067తో భాగిస్తే సెకనుకు సుమారు 1,85,800 మైళ్లు. అసలు కాంతి వేగం 1,86,282. తేడా పావు శాతం! ఇంకేం కావాలి, చప్పట్లు.

ఇప్పుడు రెండు మెసేజ్‌లనూ పక్కపక్కన పెట్టి మళ్లీ చదవండి. మొదటిదాంట్లో యోజనం 8 మైళ్లు. రెండోదాంట్లో 9 మైళ్లు. పంపింది ఒకే మనిషి, చాలాసార్లు ఒకే వారంలో.

8 మైళ్ల యోజనాన్ని కాంతి లెక్కలో పెడితే సెకనుకు 1,65,000 మైళ్లు వస్తుంది, 11 శాతం తక్కువ. 9 మైళ్ల యోజనాన్ని చాలీసాలో పెడితే సూర్యుడు 17 కోట్ల 38 లక్షల కిలోమీటర్ల దూరానికి పారిపోతాడు. ఒకటి గెలిస్తే రెండోది ఓడుతుంది.

మూడోది కూడా ఉంది, రామసేతువు. వాల్మీకి రామాయణంలో వారధి పొడవు 100 యోజనాలు, వెడల్పు 10 యోజనాలు. రామేశ్వరం దగ్గర్నుంచి మన్నార్ వైపు ఉన్న ఇసుక దిబ్బల వరస పొడవు సుమారు 48 కిలోమీటర్లు. ఆ దిబ్బలే వారధి అంటే, ఒక్కో యోజనం 480 మీటర్లు. అర కిలోమీటరు కూడా లేదు. సరే, అదే యోజనం అనుకుందాం. అప్పుడు చాలీసా సూర్యుడు 57 లక్షల 60 వేల కిలోమీటర్ల దూరంలోకి వచ్చేస్తాడు, కాంతి వేగం సెకనుకు 10 వేల కిలోమీటర్ల లోపుకి పడిపోతుంది. పోనీ 8 మైళ్ల యోజనమే ఉంచుదామా? వారధి పొడవు 1,287 కిలోమీటర్లు, వెడల్పు 129 కిలోమీటర్లు అవుతుంది. శ్రీలంక దాటి హిందూ మహాసముద్రంలో చాలా దూరం పోవాలి.

పూలు మూర లెక్కన కొనేవాళ్లందరికీ ఈ చిక్కు తెలుసు. మూర ఎవరి చేతిది? అమ్మే ఆవిడదా, కొనే ఆవిడదా? బేరమంతా అక్కడే. ఇక్కడ తేడా ఏమిటంటే, దండ కొలిచిన ప్రతిసారీ చెయ్యి మారుతోంది. స్కూల్లో కొందరు పిల్లలు పుస్తకం వెనకాల జవాబు చూసి, దానికి సరిపోయేలా స్టెప్పులు రాస్తారు చూడండి, అచ్చం అదే పని.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 9 మైళ్ల యోజనం గాల్లోంచి ఊడిపడలేదు. 96 అంగుళాలు ఒక ధనుస్సు, 8,000 ధనుస్సులు ఒక యోజనం అనే కొలత పాతదే. ఇక్కడి అంగుళం ఇంగ్లీషువాళ్ల ఇంచి కాదు, వేలి మందం. దాన్ని ముప్పావు ఇంచి అనుకుంటే ధనుస్సు 6 అడుగులు, యోజనం 9 మైళ్ల చిల్లర. అయితే యోజనానికి మన దేశంలో ఇదొక్కటే కొలత కాదు. ఆర్యభటుడు భూమి వ్యాసం 1,050 యోజనాలన్నాడు. సూర్యసిద్ధాంతం 1,600 అంది. భూమి అదే కాబట్టి, అసలు వ్యాసం 12,742 కిలోమీటర్లతో పోలిస్తే ఆర్యభటుడి యోజనం 12.1 కిలోమీటర్లు, సూర్యసిద్ధాంతం యోజనం 8 కిలోమీటర్లు. ఒకదానికి మరొకటి ఒకటిన్నర రెట్లు. మన తెలుగు ఆమడ కూడా ఊరూరికీ మారేదే.

నిమేషం సంగతి ఇంకా ఘోరం. విష్ణుపురాణంలో 15 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కళ, 30 కళలు ఒక ముహూర్తం, రోజుకు 30 ముహూర్తాలు. దాని ప్రకారం నిమేషం 0.213 సెకను. మెసేజ్‌లో వాడింది ఇదే. మనుస్మృతి కాష్ఠకు 18 నిమేషాలంది, అప్పుడు 0.178. కౌటిల్యుడి అర్థశాస్త్రం లెక్కలో 0.24. భాగవతం మూడో స్కంధం లెక్కలో 0.427, విష్ణుపురాణానికి సరిగ్గా రెట్టింపు. భాస్కరాచార్యుడి సిద్ధాంతశిరోమణిలో 0.089. వీటిలో ఏది తీసుకుంటారో, దానికి ఏ యోజనం కలుపుతారో మీ ఇష్టం. సూర్యసిద్ధాంతం యోజనం, భాగవతం నిమేషం కలిపితే కాంతి వేగం సెకనుకు 82 వేల కిలోమీటర్లు. ఆర్యభటుడి యోజనం, భాస్కరుడి నిమేషం కలిపితే 6 లక్షలు. అసలు వేగం 2,99,792. అంత పెద్ద వల వేస్తే చేప పడకుండా ఉంటుందా?

ఇంతకీ ఆ 2,202 యోజనాల శ్లోకం వేదంలో లేదు. ఋగ్వేదం మొదటి మండలం 50వ సూక్తం నాలుగో మంత్రానికి సాయణుడు రాసిన భాష్యంలో ఉంది. సాయణుడు 14వ శతాబ్దం మనిషి, విజయనగరంలో బుక్కరాయల కాలంవాడు. ఆయనైనా అది తన మాట అనలేదు, "ఇలా స్మరిస్తారు" అంటూ ఉదహరించాడు. శ్లోకం అర్థం: అర నిమేషంలో 2,202 యోజనాలు నడిచేవాడా, నీకు నమస్కారం. నడిచేది సూర్యుడు. కాంతి అన్న మాటే అక్కడ లేదు. భూమి చుట్టూ రథంలో తిరిగే సూర్యుడి వేగం చెప్పడం పురాణాలకు మామూలు విషయమే. భాగవతం ఐదో స్కంధంలో క్షణానికి 2,000 యోజనాల రెండు క్రోసులు అని ఉంది. మరి ఆ అంకెను ఎందుకు ఫార్వర్డ్ చెయ్యరు? కాంతి వేగంతో సరిపోదు కాబట్టి.

చాలీసాలో యుగం అంటే 12,000 అన్నదానికీ ఆధారం ఉంది. మనుస్మృతి 12,000 సంవత్సరాలను దేవతల యుగం అంటుంది. చూడండి, సంవత్సరాలు! కాలాన్ని తీసుకెళ్లి దూరంతో గుణిస్తే వచ్చేది దూరం కాదు. "మూడు గంటలు ఇంటూ ఐదు కిలోమీటర్లు" ఎంత దూరమో చెప్పమంటే ఆరో తరగతి పిల్లాడు కూడా నవ్వుతాడు. పైగా అదే పాదం రెండో సగంలో హనుమంతుడు ఆ సూర్యుణ్ణి తియ్యటి పండనుకుని మింగాడు. మొదటి సగం ఫిజిక్సు, రెండో సగం కవిత్వం అని ఎవరు గీత గీశారు? తులసీదాసుకి ఆ గీతతో పనిలేదు. ఆయన రాసింది భక్తి కవిత్వం, దాన్ని ఖగోళ పాఠం చేసింది మనవాళ్లు.

పురాణాల్లో సూర్యుడి దూరం సూటిగా చెప్పిన చోటు కూడా ఉంది. విష్ణుపురాణం రెండో అంశంలో భూమికి లక్ష యోజనాల ఎత్తున సూర్యమండలం, దానికి మరో లక్ష యోజనాల పైన చంద్రమండలం. భాగవతానిదీ అదే వరస. 8 మైళ్ల యోజనంతోనే చూద్దాం: సూర్యుడు 12 లక్షల 87 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. సూర్యుడి వ్యాసమే 13 లక్షల 90 వేలు. ఇక సూర్యుడి కంటే చంద్రుడు దూరం అన్నదానికి యూనిట్లతో పనే లేదు, యోజనాన్ని ఎంత సాగదీసినా అది మారదు. చంద్రుడు వెనకాల ఉంటే సూర్యగ్రహణం ఎలా పడుతుంది? అందుకే రాహువు కావాల్సి వచ్చాడు.

ఇక్కడ మన ఖగోళ పండితుల గురించి నాలుగు మాటలు చెప్పకపోతే అన్యాయం. గ్రహణం నీడల వల్లే అని ఆర్యభటుడు 499లో రాశాడు. 628లో బ్రహ్మగుప్తుడు, గ్రహణాల లెక్క పక్కాగా తెలిసినవాడై ఉండి కూడా, రాహువును కాదనేవాళ్లు వేదానికీ స్మృతికీ విరుద్ధంగా మాట్లాడుతున్నారని మండిపడ్డాడు. శాస్త్రం తెలిసిన మనిషి మీద గ్రంథం బరువు ఎంత పడుతుందో అక్కడ కనిపిస్తుంది.

సూర్యసిద్ధాంతం లెక్క చూడండి, ఎంత బాగుంటుందో. చంద్రుడి కక్ష్య చుట్టుకొలత 3,24,000 యోజనాలు, భూమి వ్యాసం 1,600. అంటే చంద్రుడు 32 భూవ్యాసాల దూరంలో ఉన్నాడు. అసలు సంఖ్య 30. యోజనం ఎంతైనా ఈ నిష్పత్తి మారదు, కాబట్టి ఇది నిజమైన విజయం. అదే పుస్తకంలో సూర్యుడి కక్ష్య 43,31,500 యోజనాలు, అంటే దూరం 431 భూవ్యాసాలు. అసలుది సుమారు 11,740. 27 రెట్లు తప్పు! ఎందుకు తప్పింది? గ్రహాలన్నీ రోజుకు ఒకే యోజనాలు నడుస్తాయని వాళ్లు అనుకున్నారు. సూర్యుడు ఒక చుట్టు తిరగడానికి చంద్రుడి కంటే 13.37 రెట్లు ఎక్కువ రోజులు తీసుకుంటాడు కాబట్టి, కక్ష్యను కూడా 13.37 రెట్లు చేశారు. గుణించి చూసుకోండి, సరిపోతుంది. తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలుగుతున్నాం, ఎందుకంటే వాళ్లు పద్ధతి పెట్టుకుని లెక్క చేశారు. వాట్సాప్ లెక్కకు ఆ గౌరవం కూడా దక్కదు.

"హిందూ గ్రంథాలనే ఎందుకంటారు, దమ్ముంటే..." అని కామెంట్ టైప్ చేస్తున్నవాళ్లు కాస్త ఆగండి. ఖురాన్ 32వ సూరా ఐదో వాక్యంలో, మీ లెక్కలో వెయ్యేళ్లకు సమానమైన రోజు ప్రస్తావన ఉంది. దాన్నుంచీ కాంతి వేగం తీశారు. వెయ్యేళ్లంటే 12,000 చాంద్రమాసాలు. చంద్రుడి ఒక్కో చుట్టు 24 లక్షల 15 వేల కిలోమీటర్లు. మొత్తాన్ని నక్షత్రాల లెక్కన ఒక రోజు సెకన్లతో, 86,164తో భాగిస్తే 3,36,000 వస్తుంది. 12 శాతం ఎక్కువ. అందుకని సూర్యుడి ప్రభావం తీసెయ్యాలంటూ 26.9 డిగ్రీల కొసైన్‌తో, అంటే 0.89తో గుణిస్తారు. ఆ కోణం నెల రోజుల్లో భూమి సూర్యుడి చుట్టూ జరిగే కోణం. దాని కొసైన్‌తో చంద్రుడి దారిని గుణించడానికి భౌతికశాస్త్రంలో ఏ కారణమూ లేదు, జవాబు కుదరడం తప్ప. పైగా 70వ సూరాలో రోజు 50,000 ఏళ్లు. దానితో చేసి చూడండి.

బైబిల్‌లో మొదటి రాజులు 7వ అధ్యాయం: సొలొమోను పోతపోయించిన గుండ్రటి తొట్టి అడ్డం 10 మూరలు, చుట్టూ 30 మూరలు. అంటే పై (π, చుట్టుకొలతను అడ్డంతో భాగిస్తే వచ్చేది) విలువ 3, అసలుది 3.14. సర్దడానికి ఏం చేస్తారంటే, అంచు మందం బెత్తెడు కాబట్టి 10 మూరలు బయటి కొలత, 30 మూరలు లోపలి చుట్టు అంటారు. మూర 18 ఇంచీలు, బెత్తెడు 4 ఇంచీలు పెడితే 540ని 172తో భాగించినప్పుడు 3.14 వస్తుంది. అయితే మూరకు ఆరు బెత్తెలు అన్నది పాత లెక్క. బెత్తెడు 3 ఇంచీలు పెట్టండి, 3.10కి దిగుతుంది. ఉజ్జాయింపు కొలత అని ఊరుకుంటే ఏ గొడవా లేదు. దేవుడి మాటలో ఉజ్జాయింపు ఉండకూడదన్న పట్టుదలే చిక్కు.

కాంతి వేగాన్ని నిజంగా పట్టుకున్న కథ వేరు. 1676 సెప్టెంబర్‌లో డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త రోమర్ పారిస్ అకాడమీకి ముందే చెప్పాడు: కాంతి మన దాకా రావడానికి సమయం పడుతుంది కాబట్టి, నవంబర్ 9న గురుగ్రహం నీడలోంచి దాని ఉపగ్రహం 'అయో' బయటికి రావడం పది నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తుంది. అయింది. 1849లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో 720 పళ్ల చక్రం తిప్పి, 8.6 కిలోమీటర్ల దూరంలో అద్దం పెట్టి కొలిస్తే సెకనుకు సుమారు 3,15,000 కిలోమీటర్లు వచ్చింది. వాట్సాప్ అంకె కంటే ఇదే ఎక్కువ తప్పు! అయినా ఆయన చక్రం పళ్లు ఎన్నో, అద్దం ఎంత దూరమో కాగితం మీద ఉంది. తర్వాతివాళ్లు అదే పద్ధతిని సరిచేసుకుంటూ వెళ్లారు. 2,202 యోజనాల శ్లోకాన్ని పట్టుకుని ఏ పాత పండితుడూ కాంతి వేగం కొలవలేదు. బయట కొలిచేశాక, ఆ అంకె చేతికొచ్చాకే శ్లోకంలో అది కనిపించింది.

సరే, ఇప్పుడు మీ వంతు. యోజనం విలువ కిలోమీటర్లలో, నిమేషం విలువ సెకన్లలో, ఒక్కొక్కటే కామెంట్‌లో రాయండి. ఏ గ్రంథం నుంచి తీసుకున్నారో కూడా రాయండి. తర్వాత మార్చకూడదు. అదే యోజనంతో రామసేతువు, సూర్యుడి దూరం, కాంతి వేగం మూడూ లెక్కగట్టి వచ్చే వీడియోలో స్క్రీన్ మీద పెడతాం.