సంతకం కన్నా ముందు పాఠం చూపించాలి

అందరికీ నమస్కారం.

లైంగిక విద్య పాఠానికి ముందు ఇళ్లకు అనుమతి పత్రాలు పంపి, తిరిగొచ్చినవి లెక్క చూసుకోవడం టీచరుగా నా పని. ఒక ఏడాది ఒక్క అబ్బాయిది మాత్రం రాలేదు. బడిసంచిలో వెతికితే, పుస్తకాల అడుగున నలిగిపోయి, నీళ్ల సీసా కారి అక్షరాలు అలుక్కుపోయిన కాగితం దొరికింది. ఇంట్లో ఎవరూ వద్దనలేదు, అసలది ఎవరి కంటా పడలేదు. క్లాసంతా పాఠం వింటుంటే వాడు లైబ్రరీలో ఒంటరిగా కూర్చున్నాడు. కూర్చోబెట్టింది నేనే. ఆ బాధ ఇంకా ఉంది.

అమెరికాలో అరిజోనాది ఈ పద్ధతే, తల్లిదండ్రులు రాసిస్తేనే పాఠం. 2016లో అమల్లోకి వచ్చిన కాలిఫోర్నియా చట్టం దీనికి తలకిందులు. వద్దని రాసిచ్చినవాళ్ల పిల్లలకే మినహాయింపు. నా మొగ్గు దీనికే. వద్దనుకున్నవాళ్లు ఎలాగూ రాసిస్తారు. మరిచిపోయినవాళ్ల పిల్లలు ఎందుకు నష్టపోవాలి?

అయితే పాఠం ముందుగా చూపించి తీరాలి. సారాంశం చాలదు. బొమ్మలు, స్లైడ్లు, పిల్లలకిచ్చే ప్రశ్నలు, అన్నీ. సమ్మతి అక్కర్లేదన్న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కూడా, ఏం చెప్తారో, ఎలా చెప్తారో తల్లిదండ్రులకు ముందే తెలియజేయాలని 1977లోనే అంది. కాపీరైటు ఉందంటూ పాఠం దాచే బడిని నేనైతే నమ్మను.

ఒకసారి ఒక తల్లి కోపంగా వచ్చారు. పాఠాలు చేతికిస్తే గంటసేపు పేజీ పేజీ చదివారు. ఎవరైనా తాకకూడని చోట తాకి, ఎవరికీ చెప్పొద్దంటే ఏం చేయాలన్న పేజీ దగ్గర వేలు ఆగిపోయింది. "మా చిన్నప్పుడు ఇది ఎవరూ చెప్పలేదండీ" అన్నారు. గర్భనిరోధం గురించి మాత్రం ఇంట్లో తానే చెప్పుకుంటానన్నారు. సరేనన్నాను. అది ఆమె హక్కు.

ఆ వేలు ఆగిన పేజీకి మాత్రం ఎవరి సంతకమూ అడగకూడదు. పిల్లను బాధపెట్టేవాడు ఆ ఇంట్లోనే ఉంటే, కాగితం మీద 'వద్దు' అని రాసేది వాడే కావచ్చు. ఇంగ్లండులో 2020 సెప్టెంబరు నుంచి ఉన్న నిబంధనల్లో, లైంగిక విద్య నుంచి పిల్లల్ని తప్పించమని అడగొచ్చు గానీ, మనుషుల మధ్య సంబంధాల గురించిన పాఠం నుంచి తప్పించే వీల్లేదు. పదహారేళ్లు నిండడానికి మూడు టర్ముల ముందు నుంచి, ఇంట్లో వద్దన్నా సరే, విద్యార్థి కావాలంటే బడి నేర్పాలి. పిల్లల మాటకూ అక్కడ చోటు దొరికింది.

వచ్చే వారమంతా సాయంత్రాలు మా పాఠాలు స్టాఫ్ రూమ్ బల్ల మీద ఉంటాయి. రండి, చదవండి. అభ్యంతరం ఉంటే ఆ పేజీ మీదే రాయండి, అందుకే మార్జిన్లు వెడల్పుగా వదిలి అచ్చు వేయించాం.