నిన్న రాత్రి ఎందుకు లేచారు?

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పనులన్నీ పక్కనపెట్టి ఈ గ్రంథాలయానికి వచ్చారు, చాలా సంతోషం. ముందు వరుసల్లో పెద్దవాళ్లు, వెనక డిగ్రీ చదివే పిల్లలు కనిపిస్తున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడే ప్రయత్నం చేస్తాను.

నేను మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తాను. నిద్రకీ మనసు కుదురుగా ఉండటానికీ ఉన్న సంబంధం ఏమిటన్నది నా పని. ‘ఏం చేస్తుంటావమ్మా’ అని ఎవరైనా అడిగితే ‘నిద్ర మీద పరిశోధన’ అంటాను. ఆ మాట వినగానే ఎదుటివాళ్లు తమ నిద్ర సంగతి చెప్పడం మొదలుపెడతారు. బస్సులో పక్క సీటావిడ కావచ్చు, పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దాయన కావచ్చు. ‘మూడింటికి మెలకువ వచ్చేస్తుందమ్మా, ఇక పట్టదు.’ ‘కళ్లు మూసుకుంటే చాలు, పిల్ల పెళ్లి గుర్తొస్తుంది.’ వీళ్లనే ‘మీ మనసు ఎలా ఉంది’ అని అడిగి చూడండి. ‘నాకేం, బాగానే ఉన్నా’ అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. నిద్ర గురించి అడిగితే మాత్రం రెండు నిమిషాల్లో కొడుకు చేసిన అప్పు దాకా వచ్చేస్తారు. దిగులుగా ఉందని చెప్పుకోవడానికి మనకు సిగ్గు. నిద్ర పట్టట్లేదని చెప్పుకోవడానికి ఏ సిగ్గూ లేదు. నేను ఈ పనిలోకి రావడానికి సగం కారణం అదే.

చాలాకాలం వైద్యులు కూడా నిద్రలేమిని ఒక లక్షణంగానే చూశారు. దిగులు తగ్గిస్తే నిద్ర దానంతటదే వస్తుందనుకున్నారు. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎన్నో ఏళ్లు మనుషులను వెంబడించి చేసిన అధ్యయనాలను కలిపి లెక్కవేసి 2011లో ఒక విశ్లేషణ వచ్చింది. మొదట ఏ డిప్రెషనూ లేకుండా నిద్రలేమి మాత్రమే ఉన్నవాళ్లకు, తర్వాతి కాలంలో డిప్రెషన్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే దాదాపు రెట్టింపు అని అందులో తేలింది. అంటే నిద్ర చెడటం ముందు, దిగులు తర్వాత. బ్రిటన్‌లో 26 యూనివర్సిటీల్లో నిద్రలేమి ఉన్న 3,755 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం 2017లో వెలువడింది. సగం మందికి ఆన్‌లైన్‌లో నిద్రకు మాత్రమే చికిత్స ఇచ్చారు. నిద్ర బాగుపడింది. దాంతోపాటు ఆందోళన, దిగులు, అందరూ తనకు కీడు తలపెడుతున్నారన్న అనుమానం కూడా తగ్గాయి. చికిత్స చేసింది నిద్రకే, నెమ్మదించింది మనసు కూడా.

ఇదెలా జరుగుతుందో చూపే ప్రయోగాల్లో 2007లో అమెరికాలో చేసినది నాకు బాగా ఇష్టం. ఆరోగ్యంగా ఉన్న 26 మందిలో కొందరిని మామూలుగా నిద్రపోనిచ్చి, మిగతావాళ్లను 35 గంటలు మేలుకునే ఉంచారు. తర్వాత ఎంఆర్‌ఐ స్కానర్లో పడుకోబెట్టి బొమ్మలు చూపించారు. కొన్ని మామూలువి, కొన్ని చూడలేనివి. మెదడులో అమిగ్డలా అని బాదం గింజంత భాగం ఉంటుంది, ముప్పును ముందుగా పసిగట్టేది అదే. నిద్ర లేనివాళ్లలో అది 60 శాతానికి పైగా ఎక్కువగా స్పందించింది. నుదుటి వెనక ఉండి దాన్ని అదుపులో పెట్టే భాగంతో సంబంధం కూడా సడలింది. రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చుని పొద్దున్నే ఇంటికొచ్చిన మనిషి, చేతిలోంచి గ్లాసు జారితే ఎందుకంత కేకలేస్తాడో ఇది చదివాక నాకు తెలిసింది. ఆ మనిషి చెడ్డవాడు కాదు, ఆ పూటకి కళ్లెం పట్టేవాళ్లు లేరంతే.

ఇక మా పని ఎలా ఉంటుందో చెబుతాను. పిల్లలకు ఆసక్తిగా ఉంటుంది.

నిద్రను కొలవడానికి అన్నిటికన్నా పక్కా పద్ధతి పాలిసామ్నోగ్రఫీ. రాత్రంతా మెదడు, కళ్లు, కండరాలు ఎలా పనిచేస్తున్నాయో గీతలుగా రాసుకునే పరీక్ష అది. తలను టేపుతో కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, అక్కడి చర్మాన్ని జెల్‌తో రుద్ది, పేస్టుతో ఎలక్ట్రోడ్లు అంటిస్తాం. కళ్ల పక్కన, గడ్డం మీద, కాళ్ల మీద కూడా. ఇదంతా అయ్యేసరికి గంట పడుతుంది. మన దగ్గర దీనికి పెద్ద ఇబ్బంది కొబ్బరినూనె. తలకు నూనె ఉంటే ఎలక్ట్రోడ్ నిలవదు, అర్ధరాత్రి ఊడిపోతుంది, గీతలన్నీ పాడైపోతాయి. అందుకే ‘తలంటుకుని రండి, నూనె మాత్రం రాయకండి’ అని ముందే చెబుతాం. ఒక పెద్దావిడ ‘నూనె లేకపోతే నాకు కునుకే పట్టదమ్మా, మరి మీరు కొలిచేది దేన్ని?’ అన్నారు. ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. కొత్త చోట, ఒంటి నిండా తీగలతో పడుకున్న మొదటి రాత్రి నిద్ర మామూలు నిద్రలా ఉండదని 1960ల నుంచే తెలుసు. అందుకే చాలా అధ్యయనాల్లో ఆ రాత్రిని లెక్కలోంచి తీసేస్తారు.

పొద్దున్నే ఆ గీతలను 30 సెకన్లకు ఒక పేజీ చొప్పున చదవాలి. ఎనిమిది గంటలకు 960 పేజీలు. ఇది తేలిక నిద్ర, ఇది గాఢ నిద్ర, ఇది కళ్లు చురుగ్గా కదిలే రెమ్ నిద్ర, కలలు ఎక్కువగా వచ్చేది ఇందులోనే అని ఒక్కో పేజీకి గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ఆ రెమ్ నిద్రను 1953లో చికాగోలో లోకానికి చెప్పిన యూజీన్ అసెరిన్‌స్కీ, తన ఎనిమిదేళ్ల కొడుకును పడుకోబెట్టి రాత్రుళ్లు ఈ గీతలే చూస్తూ కూర్చున్నాడు. నాకు ఓపిక తగ్గినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.

అయితే ఇన్ని తీగల కంటే నాకు ఎక్కువ నేర్పింది ఒక కాగితం. నిద్ర డైరీ అంటాం. ఎన్నింటికి పడుకున్నారు, నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎన్నింటికి లేచారు. రోజూ పొద్దున్నే నింపాలి. ఒకామె, వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను, రెండు వారాల తర్వాత డైరీ తెచ్చి ఇచ్చారు. ‘మధ్యలో ఎన్నిసార్లు’ అన్న గడిలో అంకె వేస్తే చాలు. ఆమె అందులో చీమ తలకాయంత అక్షరాలతో ఇలా రాశారు. ‘12కి ఆయన డ్యూటీ నుంచి వచ్చారు, అన్నం పెట్టాను. 2కి అత్తయ్య బాత్‌రూమ్. 3.30కి నీళ్లు వదిలారు, బిందెలు. 4.15కి మళ్లీ అత్తయ్య.’ పద్నాలుగు రోజులూ దాదాపు అంతే. గడి చాలక కాగితం అంచుల మీదకి కూడా వెళ్లింది.

నేను కంప్యూటర్లో ‘4’ అని ఎక్కించాను. మా పట్టికలో అంకెకే చోటుంది మరి. ఎక్కించాక మాత్రం చాలాసేపు ముందుకు కదల్లేకపోయాను. ఎందుకంటే శాస్త్రం ప్రకారం ఆమెది నిద్రలేమి కాదు. నిద్రపోవడానికి వీలుండి కూడా నిద్ర పట్టకపోతే అది నిద్రలేమి. ఆమెకు పట్టకపోవడం కాదు, పోనివ్వకపోవడం. రెండూ ఒకే స్కోరుగా వస్తాయి, రెండిటికీ ఒకే సలహా ఇచ్చి పంపితే అన్యాయం. ‘పడుకునే ముందు ఫోన్ చూడకండి’ అని ఆమెకు ఏ మొహంతో చెప్పను?

లక్ష్మణుడి నిద్ర కూడా తనే తీసుకుని ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోయిందని మన అమ్మమ్మలు చెప్పేవారు. ఇంట్లో ఒకరి నిద్ర ఇంకొకరికి బదిలీ అవుతుందని వాళ్లకు ఎప్పుడో తెలుసు. మా డైరీల్లో ఆ బదిలీ అటుది ఇటు అయింది. ఇంటిల్లిపాది మెలకువా ఒక్క మనిషి మీద పడుతోంది.

మేం వాడే ప్రశ్నావళులకు కూడా ఇదే ఇబ్బంది. ప్రపంచమంతా వాడే పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్ 1989లో వచ్చింది. స్కోరు 0 నుంచి 21 దాకా, 5 దాటితే నిద్ర బాగాలేదని లెక్క. మంచి సాధనం, నేనూ వాడతాను. ఎందుకు నిద్ర పాడైందో అడిగే చోట అందులో చలి ఉంది, వేడి ఉంది, దగ్గు, గురక, పీడకల, నొప్పి ఉన్నాయి. దోమలు లేవు. కరెంటు పోవడం లేదు. నీళ్ల బిందె లేదు. మనవన్నీ చివర్లో ‘ఇతర కారణాలు’ అన్న ఒక్క గీత మీద సర్దుకోవాలి. దాన్ని తెలుగు చేయడమంటే మాటలు మార్చడం మాత్రమే అనుకున్నాను మొదట్లో. కాదు, ఆ ‘ఇతర’లో పడిపోయిన బతుకును పైకి తేవాలి.

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖం ఎరుగదు’ అంటాం కదా. అలసినవాడికి కటిక నేల మీదైనా నిద్ర పడుతుందని. పట్టడం వరకూ నిజమే. ఆ తర్వాత ఏమవుతుందో మన పక్కనే, చెన్నైలో కొలిచి చూశారు. తక్కువ ఆదాయం ఉన్న 452 మందికి సుమారు నెల రోజులు డేటా ఎంట్రీ పని ఇచ్చి, చేతికి గడియారం లాంటి పరికరం కట్టారు. మనం ఎప్పుడు కదిలిందీ ఎప్పుడు నిశ్చలంగా ఉన్నదీ అది రాసుకుంటుంది. ఫలితాలు 2021లో వచ్చాయి. వాళ్లు పడుకుని ఉండేది ఎనిమిది గంటలు. నిద్రపోయేది ఐదున్నర. రాత్రికి సగటున ముప్పై సార్లకు పైగా మెలకువ. ధనిక దేశాల్లో నిద్ర జబ్బులున్నవాళ్ల రాత్రుళ్లతో పోల్చదగిన రాత్రుళ్లవి. వేడి, మోత, దోమలు, ఇరుకు, పైనుంచి రేపటి గురించిన టెన్షన్.

తర్వాత జరిగింది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. పరుపులు, ఫ్యాన్లు, కళ్లగంతలు, చెవుల్లో పెట్టుకునేవి ఇచ్చారు, సలహాలు చెప్పారు, కొందరికి ఎక్కువ నిద్రపోతే డబ్బు కూడా ఇచ్చారు. రాత్రి నిద్ర 27 నిమిషాలు పెరిగింది. పనిలో మెరుగుదల గట్టిగా కనిపిస్తుందని నిపుణులు ముందే అంచనా వేశారు. కనిపించలేదు. మనసు స్థితిలోనూ తేడా లేదు. అదే మనుషుల్లో కొందరికి మధ్యాహ్నం పనిచేసే చోటే, ప్రశాంతమైన మూల ఒకటి చూపించి అరగంట కునుకు తీయనిచ్చారు. వాళ్ల మనసు బాగుపడింది, పని చురుకైంది, ఓపిక పెరిగింది. పని గంటలోంచి అరగంట పోవడం వల్ల సంపాదన కొంత తగ్గిన మాట కూడా నిజమే, అది దాచకూడదు. ముక్కలు ముక్కలుగా వచ్చే నిద్రకు ఇంకో అరగంట ముక్కలు కలిపితే ఒరిగేది తక్కువని నేను అర్థం చేసుకున్నాను. ఎవరూ లేపని ఒక్క అరగంట దానికంటే మేలు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ కొంగు పరుచుకుని నడుం వాలిస్తే సోమరితనం అనకండి. ఆ కాసేపు పిల్లల్ని మీరు చూసుకోండి.

అసలు నిద్రలేమి ఉన్నవాళ్ల మాటకొస్తే, వాళ్లకు మందు కంటే ముందు ఇవ్వాల్సింది సీబీటీ-ఐ అనే మాటల చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది. అందులో ముఖ్యమైన సూత్రాన్ని మన భాష ఎప్పుడో పట్టుకుంది. ‘నాకు నిద్ర పట్టింది’ అంటాం. పట్టేది నిద్ర, మనం కాదు. పట్టుదలగా నిద్రపోదామని చూస్తే మెదడు ఇంకా మేలుకుంటుంది. అందుకే ఇరవై నిమిషాలకీ పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చుని, మత్తుగా అనిపించాకే తిరిగి రమ్మంటారు. ఎన్నింటికి పట్టినా పొద్దున ఒకే టైముకి లేవమంటారు. ఒంటిగది ఇళ్లవాళ్లు నన్ను అడిగారు, ‘వేరే గది ఎక్కడుందమ్మా?’ అని. గడప బయట అరుగు మీద కూర్చోండి అని చెబుతున్నాను. అరుగూ లేకపోతే చాప మీదే లేచి గోడకి ఆనుకుని కూర్చోండి. పడుకుని దొర్లడం ఆపడమే కావాలి.

రెండు హెచ్చరికలు. గురక పెడితే గాఢంగా నిద్రపోతున్నారనుకుంటాం. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ మొదలవుతుంటే డాక్టరుకి చూపించండి, అది మనసు సమస్య కాదు. చీటీ లేకుండా మందుల షాపులో నిద్రమాత్రలు కొనుక్కోవద్దు. రోజూ వేసుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా మానేయనూ వద్దు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. దిగులు భరించలేనంతగా ఉంటే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

వెనక కూర్చున్న పిల్లల్లో ఇంటర్ హాస్టళ్లలో చదివి వచ్చినవాళ్లు చాలామంది ఉండే ఉంటారు. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, ఐదింటికి బెల్లు. ఆ వయసులో ఒంట్లోని గడియారమే రాత్రి ఆలస్యంగా నిద్ర తెస్తుంది, ఎనిమిది గంటలకు తక్కువైతే చాలదు. కాలిఫోర్నియాలో 2022 నుంచి హైస్కూళ్లు ఎనిమిదిన్నర కంటే ముందు మొదలుపెట్టకూడదని చట్టమే ఉంది. మన దగ్గర ఆ బెల్లు ఒక గంట ఆలస్యంగా కొట్టమని అడగడానికి తల్లిదండ్రులు ఎందుకు భయపడాలో నాకు అర్థం కాదు. ఆ గంట పోతే ర్యాంకు పోతుందని వాళ్లతో అన్నవాళ్లెవరూ ఆ పిల్లల రాత్రుళ్లు కొలిచి చూడలేదు.

ఇక ముగిస్తాను. ఇప్పుడు మేం మన ఇళ్లకు సరిపోయే ప్రశ్నలు తయారు చేస్తున్నాం. దానికి మీ సాయం కావాలి. తలుపు దగ్గర బల్ల మీద తెల్ల చీటీలు, పెన్నులు పెట్టాం. పేరు వద్దు. వయసు వేసి, నిన్న రాత్రి ఎన్నింటికి, ఎందుకు లేచారో ఒక్క ముక్క రాసి డబ్బాలో వేయండి. అసలు లేవనే లేదు అనేవాళ్లు, మీ ఇంట్లో ఎవరు లేచారో కనుక్కుని రేపు తెచ్చి వేసినా సరే. డబ్బా వారం రోజులు ఇక్కడే ఉంటుంది.