టెన్షన్ కాదమ్మా, థైరాయిడ్

వేదిక మీది పెద్దలకు, ఈ ఎండలో పనులు మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకు, వెనక నిలబడ్డ అన్నదమ్ములకు నమస్కారం. మే 25 ప్రపంచ థైరాయిడ్ దినోత్సవం కదా, నాలుగు మాటలు చెప్పమన్నారు మండలి వాళ్ళు. శాస్త్రం సంగతి నా తరవాత డాక్టరమ్మగారు చెప్తారు. నేను జబ్బు పడ్డదాన్ని, ఆ సంగతి చెప్తాను.

థైరాయిడ్ అనగానే ఒళ్ళు రావడం, జుట్టు రాలడం, పరగడుపున మాత్ర. మనకు తెలిసింది అంతే. అది గ్రంథి మందగిస్తే వచ్చేది. నాది దానికి పూర్తిగా ఎదురు. గొంతు ముందుండే ఆ గ్రంథి అతిగా పనిచేసి హార్మోను ఎక్కువ వదిలింది. ఇలా వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఉండేది గ్రేవ్స్ జబ్బు. డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ అనే డాక్టరు 1835లోనే దీన్ని వివరంగా రాశాడు. అంత పాత జబ్బు!

కడుపునిండా తింటున్నా బరువు తగ్గిపోయాను. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలే. రాత్రి దిండుకి చెవి ఆనిస్తే గుండె దడదడమని వినపడేది. ముగ్గు వేస్తుంటే గీత వంకరపోయేది. పెళ్ళిళ్ళలో కనపడ్డవాళ్ళు "ఎంత సన్నబడ్డావే, ఏం చేస్తున్నావో మాకూ చెప్పు" అని మెచ్చుకున్నారు. ఇంట్లో విసుక్కుంటే "ఈ వయసులో మామూలే" అన్నారు.

దడ అని ఒక ఆస్పత్రికి వెళ్తే ఈసీజీ తీశారు. గుండె వేగంగా కొట్టుకుంటోంది, అంతకుమించి ఏమీ లేదన్నారు. "ఇంట్లో ఏమన్నా గొడవలా అమ్మా?" అని అడిగి నిద్రమాత్రలు రాశారు. మా వారిని పక్కకి పిలిచి "ఆవిణ్ణి టెన్షన్ పెట్టకండి" అని చెప్పారు. ఇంకోచోట ముట్లు ఆగే వయసు కదా అన్నారు. కాస్త రక్తం తీసి, థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్ చూద్దామని ఎవరికీ తోచలేదు. ఇది నాకు ఇప్పటికీ కడుపుమంటే. ఆడమనిషి దడ అంటే మనసులో దిగులనేనా? ఒంట్లో జబ్బు ఉండకూడదా?

ఆఖరికి రిటైరైన పెద్ద డాక్టరుగారొకాయన నా చేతులు ముందుకు చాపించి, వేళ్ళు విడదీయించి, వాటి మీద ఒక తెల్లకాగితం పెట్టారు. అంచులు రెపరెపలాడాయి. ఫ్యాను ఆపించారు. అయినా ఆగలేదు. మర్నాడే పరీక్ష. థైరాయిడ్ వదిలే హార్మోన్లు టీ3, టీ4 బాగా ఎక్కువ, టీఎస్‌హెచ్ దాదాపు లేదు. ఒంట్లో హార్మోను ఎక్కువైతే మెదడు కింది గ్రంథి టీఎస్‌హెచ్ పంపడం తగ్గించేస్తుందట.

ఏదీ, మీరందరూ ఒక్కసారి చేతులు చాపండి. సిగ్గుపడకండి. వణికితే ఇదేనని కాదు. వణుకుతో పాటు దడ, బరువు తగ్గడం కూడా ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికెళ్ళి థైరాయిడ్ పరీక్ష రాయమని మీరే అడగండి.

మందు కార్బిమజోల్. దడకి ప్రొప్రనొలాల్ ఇచ్చారు. ఆస్తమా ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. కొన్ని వారాలకి నెమ్మదించినా కార్బిమజోల్ మాత్రలు ఏడాది, ఏడాదిన్నర వాడాలి. బాగుందని మానేయకూడదు. ఇంకొకటి, ఇది ప్రాణం మీదికొచ్చే సంగతి. ఈ కార్బిమజోల్ వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే జలుబేలే అని మిరియాల కషాయం తాగి పడుకోకండి. మాత్ర ఆపి, వెంటనే డాక్టరు దగ్గరికెళ్ళి రక్తపరీక్ష చేయించుకోండి. అరుదుగానే కానీ తెల్లకణాలు పడిపోతాయి. మళ్ళీ చెప్తున్నాను: జ్వరం, గొంతునొప్పి, అదే రోజు.

గర్భం ఆలోచన ఉన్న అమ్మాయిలు ముందే డాక్టరుతో మాట్లాడాలి, మొదటి నెలల్లో మందు మారుస్తారు. అన్నదమ్ములారా, ఈ జబ్బు కొందరికి కళ్ళ మీదా పడుతుంది, సిగరెట్ వల్ల అవి ఇంకా పాడవుతాయి. ఇక సన్నబడొచ్చని పక్కింటావిడ వేసుకునే థైరాయిడ్ హార్మోను మాత్రలు, అదే థైరాక్సిన్, మింగేవాళ్ళున్నారు. అమ్మా, దణ్ణం పెడతాను, వద్దు. నేను అనుభవించిన దడే కొనితెచ్చుకున్నట్టు.

మందులు ఆపాక నాకు తిరగబెట్టింది. చాలామందికి తిరగబెడుతుంది. అప్పుడు రేడియో అయోడిన్, అంటే గ్రంథి పని తగ్గించే రేడియోధార్మిక మందు, ఇచ్చారు. ఇందాక ముందు వరసలో కూర్చున్న అమ్మాయి భయంగా అడిగింది, అది తాగితే ఏమవుతుందని. 1941 నుంచి ఈ జబ్బుకి వాడుతున్నారమ్మా. కడుపుతో ఉన్నవాళ్ళకీ, పాలిచ్చే తల్లులకీ ఇవ్వరు. నాకు కొన్నాళ్ళు మనవణ్ణి ఎత్తుకోవద్దన్నారు, అదొక్కటే కష్టమైంది. తరవాత గ్రంథి మందగించింది. అలా అవుతుందని ముందే చెప్పారు. ఇప్పుడు రోజూ థైరాక్సిన్ వేసుకుంటున్నాను, దడ లేదు, నిద్ర పడుతోంది. అమ్మాయీ, నీ రిపోర్టులు తెచ్చావు కదా, డాక్టరమ్మగారు మాట్లాడాక ఇద్దరం కలిసి ఆవిడకి చూపిద్దాం, ఉండు.