స్మార్ట్‌వాచ్ బాగుంది, అందులో ఉన్న ఆ ఒక్క లైన్ బాగాలేదు | మూడు వారాల రివ్యూ

అందరికీ నమస్కారం. ముందు చెప్పాల్సింది ముందే చెప్పేస్తా. ఈ వాచ్ నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపించారు, డబ్బులేమీ ఇవ్వలేదు. ఇంకో విషయం, ఈ వీడియో మొత్తంలో వాచ్ పేరు మీకు వినబడదు. నేనేం చెప్పబోతున్నానో వాళ్లకు ముందే మెయిల్ పెట్టా. ఆ భాగం తీసేయమన్నారు, తీయనన్నా, అయితే మా పేరు వాడొద్దన్నారు. సరేనన్నా. స్పెక్స్ గురించి ఎక్కువ మాట్లాడను, ఈ రేటులో వచ్చే వాచ్‌లన్నీ ఇంచుమించు ఒకటే, మీరు ఇప్పటికే పది చోట్ల చూసి ఉంటారు. స్క్రీన్ ఎండలో చక్కగా కనబడుతోంది, ఛార్జింగ్ నాకు ఆరు రోజులు వచ్చింది, స్ట్రాప్ కింద చెమట పట్టి మూడో రోజుకే దురద మొదలైంది కాబట్టి గుడ్డ స్ట్రాప్ కొనుక్కోండి. అంతే.

నేను మాట్లాడాలనుకుంటున్నది దీని తెలుగు గురించి.

సెట్టింగ్స్‌లో భాష దగ్గరికి వెళ్తే రెండు తెలుగులున్నాయి. ఒకటి మామూలు తెలుగు, రెండోది 'తెలుగు మాస్'. ఇది చూడగానే నాకు ఎంత సంతోషమేసిందంటే, ఇంతకుముందు నేను వాడిన రెండు వాచ్‌లలో తెలుగు అంటే 'హృదయ రేటు అధికము', 'నిలబడుము', ఇలాంటి మాటలే. మన ఇళ్లలో ఎవరూ అలా మాట్లాడరు. ఇందులో మాస్ పెడితే నిద్ర తక్కువైన రోజు పొద్దున్నే 'రాత్రంతా జాగారమేనా మామా?' అని వస్తుంది. నడక టార్గెట్ దాటితే 'దుమ్ము లేపావ్ పో' అంటుంది. మొదటి వారం ఇంట్లో అందరికీ చూపించా. ఇది రాసినవాళ్లకు తెలుగు వచ్చు, మన కుర్రాళ్లు చాటింగ్‌లో ఎలా మాట్లాడుకుంటారో తెలుసు.

తర్వాత స్ట్రెస్ ఫీచర్ ఆన్ చేశా. ఇది ఎలా పనిచేస్తుందో కాస్త చెప్తా, ఎందుకంటే అసలు గొడవ ఇక్కడే ఉంది. వాచ్ వెనక పచ్చ లైటు వెలుగుతుంది కదా, అది చర్మం కింద రక్తం ఎలా పారుతోందో చూసి, ఒక గుండె చప్పుడుకూ ఇంకో చప్పుడుకూ మధ్య ఎంత గ్యాప్ ఉందో లెక్కేస్తుంది. మనం నిమ్మళంగా ఉన్నప్పుడు ఆ గ్యాప్ కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ అవుతూ ఉంటుంది. ఒంటి మీద ఒత్తిడి పడ్డప్పుడు ఆ తేడా తగ్గిపోతుంది. దాన్ని బట్టి నూటికి ఒక నంబర్ ఇస్తుంది. అంతవరకే దానికి తెలిసేది. మీరు బాధలో ఉన్నారా, రెండు కాఫీలు తాగారా, మెట్రో మెట్లు పరుగున ఎక్కారా, దానికి తెలియదు. నాకు 140తో మొదలయ్యే నంబర్ నుంచి లోన్ కావాలా అని ఫోన్ వచ్చిన ప్రతిసారీ 70 దాటేది, అది మాత్రం నిజమైన స్ట్రెస్సే అని ఒప్పుకుంటా, మధ్యాహ్నం కన్ను మూతపడే టైముకే చేస్తారు వాళ్లు. వంటింట్లో అమ్మ ఎండుమిరపకాయల పోపు వేస్తుంటే ఆ ఘాటుకి దగ్గి దగ్గి 78 వచ్చింది.

75 దాటితే మణికట్టు మీద గట్టిగా రెండుసార్లు వణుకుతుంది. తల చుట్టూ చుక్కలు తిరుగుతున్న ఒక బొమ్మ వస్తుంది. కింద ఈ మాట: 'మెంటల్ ఎక్కిందా బ్రో? ఎర్రగడ్డకి టికెట్ తీయమంటావా?'

హైదరాబాద్ బయట ఉన్నవాళ్ల కోసం చెప్తున్నా, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ అంటారు. అందుకే మన దగ్గర ఎవరినైనా వెక్కిరించాలంటే 'వీణ్ని ఎర్రగడ్డలో వేయాలి' అనడం. విశాఖ వాళ్లకి వాల్తేరు, హిందీ వాళ్లకి ఆగ్రా, రాంచీ, చెన్నై వాళ్లకి కీల్పాక్కం. ఏ భాష తీసుకున్నా ఆసుపత్రి ఉన్న ఊరి పేరే తిట్టు అయిపోయింది. నేను రోజూ ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ మీదుగానే వెళ్తా. అక్కడ రైతుబజార్ ఉంది, ఆదివారం పాత సామాన్ల సంత జరుగుతుంది, బోలెడుమంది కాపురాలుంటున్నారు. ఆ ఊరి పిల్లలు కాలేజీలో 'మీదెక్కడ' అంటే పక్కనున్న సనత్‌నగర్ పేరు చెప్పడం నాకు తెలుసు.

ఇప్పుడు చెప్పేది మా అన్నయ్యను అడిగే చెప్తున్నా. పేరు వద్దన్నాడు. అన్నయ్యకు తొమ్మిదేళ్లుగా డిప్రెషన్‌కి ట్రీట్‌మెంట్ నడుస్తోంది. ఉద్యోగం చేసుకుంటున్నాడు, బాగున్నాడు, నెలకోసారి డాక్టర్ దగ్గరికి వెళ్లొస్తాడు. మొదట్లో మందులు తెచ్చిన రోజే మా అమ్మ స్ట్రిప్ వెనక ఉన్న పేరుని బొటనవేలి గోటితో గీకేసేది. వెండి రేకు మీద అక్షరాలు పోయి తెల్లగా మచ్చలు మచ్చలుగా మిగిలేది. ఆ తర్వాత స్ట్రిప్‌ని హార్లిక్స్ సీసాలో, మెంతుల డబ్బా వెనక పెట్టేది. ఎందుకమ్మా అంటే 'ఎవరైనా చూస్తే రేపు పిల్లనెవరిస్తారే' అనేది. పేరుతో పాటు చివర్లో ఉండే తేదీ కూడా గీకేసింది. దాంతో ఒకసారి డేట్ అయిపోయిన మందు పది రోజులు వేసుకున్నాడు, ఏ స్ట్రిప్ ఎప్పటిదో తేల్చుకోలేక. డాక్టర్‌కి ఆ ఖాళీ స్ట్రిప్ చూపిస్తే ఆయన అమ్మ వైపు చూసి ఏమీ అనలేదు. అమ్మ ఆ రోజు నుంచి గీకడం మానేసింది, సీసా మాత్రం మార్చలేదు.

ఈ వాచ్‌ని రెండు రోజులు వాడి చూడమని అన్నయ్యకు నేనే ఇచ్చా. సెట్టింగ్ మాస్‌లోనే ఉంది, నేను మార్చలేదు, ఆ తప్పు నాది. రెండో రోజు మా పిన్ని వాళ్లింట్లో గృహప్రవేశం. పంక్తిలో ఇరవై మంది దాకా కూర్చున్నాం. పులిహోర వడ్డిస్తుంటే అన్నయ్య చేతి మీద వాచ్ వణికింది. పక్కన కూర్చున్న పిన్ని మనవడు, ఏడేళ్లుంటాయి, వాడికి ఇప్పుడిప్పుడే తెలుగు చదవడం వస్తోంది, కనబడిందల్లా పెద్దగా చదువుతాడు. 'మెంటల్... ఎక్కిందా... బ్రో... ఎర్రగడ్డకి...' అని కూడబలుక్కుంటూ మొత్తం చదివేశాడు. అందరూ నవ్వారు. వాళ్లెవరికీ అన్నయ్య సంగతి తెలియదు, వాళ్లమీద నాకు కోపం లేదు. అన్నయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే ఎడమచేత్తో వాచ్ విప్పి, స్క్రీన్ కిందికి ఉండేలా విస్తరి పక్కన బోర్లా పెట్టాడు. పెరుగన్నం దాకా కూర్చోలేదు, మధ్యలోనే లేచిపోయాడు. అమ్మ నావైపు చూసిన చూపు నేను ఇంకా మర్చిపోలేదు.

2015-16లో కేంద్ర ప్రభుత్వం కోసం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అంటే ఆ లెక్కన పంక్తిలో కూర్చున్న ఇరవై మందిలో ఇద్దరు. మా అన్నయ్య కాక ఇంకొకరెవరో కూడా ఆ రోజు నవ్వి ఉంటారు. వాళ్లు రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దామనుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ నవ్వే కదా.

నేను స్లాంగ్‌కి వ్యతిరేకం కాదు. 'బ్రెయిన్ రాట్' అనే మాట నేను రోజుకి నాలుగుసార్లు వాడతా, రీల్స్ చూసీ చూసీ బుర్ర మొద్దుబారిందని నా గురించి నేను చెప్పుకోవడానికి అంతకన్నా మంచి మాట లేదు. 2024లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్నే ఆ ఏటి మాటగా ఎంచుకున్నారు కూడా. తిక్క, లొల్లి, బుర్రపాడు, ఇవన్నీ నా నోట్లోనివే. కానీ మ్యాచ్ ఓడిపోతే 'డిప్రెషన్‌లోకి పోయా మామా' అని స్టేటస్ పెట్టేవాళ్లని చూస్తే ఇప్పుడు చిరాకొస్తుంది. డ్రాయర్ సర్దుకుంటే ఓసీడీ, పొద్దున ఒక మూడ్, సాయంత్రం ఇంకో మూడ్ ఉంటే బైపోలార్. ఇవన్నీ నిజమైన మానసిక జబ్బుల పేర్లు. ఆ మాటలు అంత చవకైపోయాక, మా అన్నయ్య ఆఫీసులో నిజంగా 'నాకు డిప్రెషన్ ఉంది, సెలవు కావాలి' అంటే 'అందరికీ ఉంటుందిలే' అన్నారు. రోగం పేరేమో జోక్ అయింది, ఆసుపత్రి పేరేమో తిట్టు అయింది. ఇక ఆ మనిషి ఏ మాటతో చెప్పుకోవాలి?

కంపెనీ వాళ్లు ఇచ్చిన జవాబు, ఆ లైన్ యూత్‌కి బాగా కనెక్ట్ అవుతోందట. నేను తిరిగి రాసింది ఇదీ. 2022 అక్టోబర్ 10 నుంచి టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నడుస్తోంది, నంబర్ 14416, ఫోన్ చేస్తే డబ్బు పడదు, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడతారు. మీ స్క్రీన్ మీద ఎర్రగడ్డ టికెట్ అని రాయడానికి చోటు ఉంది కదా, అందులో సగం చాలు ఈ ఐదంకెలకి. 'కాసేపు కూర్చో మామా, నీళ్లు తాగు, మాట్లాడాలనిపిస్తే 14416' అని పెట్టండి, మాస్‌గానే ఉంటుంది. దీనికి ఇంకా జవాబు రాలేదు.

కొనాలా వద్దా అంటే, నా వరకు వద్దు. స్క్రీన్ నచ్చింది, ఛార్జింగ్ నచ్చింది, ఆ జాగారం లైన్ ఇప్పటికీ నచ్చుతుంది, అయినా వద్దు. ఇప్పటికే మీ దగ్గర ఉంటే సెట్టింగ్స్‌లో భాష మామూలు తెలుగుకి మార్చండి, అప్పుడు 75 దాటితే 'ఒత్తిడి ఎక్కువగా ఉంది' అని మాత్రమే వస్తుంది. ఇంట్లో ఎవరికైనా కానుకగా ఇస్తుంటే తప్పకుండా మార్చి ఇవ్వండి. వాళ్లు ఆ లైన్ తీసేస్తే నా డబ్బుతో కొని ఇంకో వీడియో చేస్తా, అప్పుడు పేరు కూడా చెప్తా. ఈ వాచ్ రేపు కొరియర్‌లో వెనక్కి వెళ్తోంది, ఛార్జర్, స్ట్రాప్ అన్నీ డబ్బాలో పెట్టేశా.