మాండరిన్ చేప రోగంతో చావదు, మీ ట్యాంకులో ఆకలితో చస్తుంది!

నమస్తే అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ. నల్గొండ నుంచి మాట్లాడుతున్నా. పోయిన వారం పెట్టిన నిమిషం వీడియో కింద వచ్చిన కామెంట్లు రెండు రాత్రులు కూర్చుని చదివాను. అందులో మాండరిన్ గురించి, అంటే ఉప్పునీళ్ల ట్యాంకుల్లో పెంచుకునే ఆ రంగురంగుల చిన్న సముద్రపు చేప గురించి, నేను అన్నది ఒక్కటే మాట. "ఏడాది నిండని ట్యాంకులో మాండరిన్‌ను వేస్తే దాన్ని చంపేది మీరే." దానికి ఇంత కోపమా? "నా చేపకు వైట్ స్పాట్ రోగం వచ్చింది, నా తప్పేంటి" అని ఒకరు. "అది సెన్సిటివ్ చేప అన్నా, ఎవరి దగ్గరా బతకదు" అని ఇంకొకరు. "నా దగ్గర ఫ్రోజెన్ మేత తింటోంది, నీకేం తెలుసు" అని ఒక తమ్ముడు ఏకంగా పది కామెంట్లు పెట్టాడు.

సరే, వెనక్కి తగ్గేది లేదు. ఇంకా గట్టిగా చెప్తా. మన ఇళ్లలో చనిపోయే మాండరిన్లలో ఎక్కువ శాతం రోగంతో పోవడం లేదు. ఆకలితో పోతున్నాయి. మన కళ్ల ముందే, మనం ఫొటోలు తీసి స్టేటస్ పెట్టుకుంటుండగానే, రోజుకింత ఎండిపోయి చస్తున్నాయి.

ఆ "సెన్సిటివ్" అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మాండరిన్‌కు పొలుసులు ఉండవు. వాటికి బదులు ఒంటి మీద దట్టమైన జిగురు ఉంటుంది. వాసన కొడుతుంది, చేదు కూడా. పెద్ద చేపలు నోట్లో పెట్టుకోవడానికి వెనకాడతాయి. ఆ జిగురు ఉండబట్టే మిగతా చేపలతో పోలిస్తే దీనికి వైట్ స్పాట్ అంత తేలిగ్గా అంటదు. పక్కనున్న ట్యాంగ్ చేపకు ఒంటినిండా ఉప్పు చల్లినట్టు మచ్చలు వచ్చినా ఇది శుభ్రంగా తిరుగుతుంటుంది. ఇంత గట్టి చేపను సెన్సిటివ్ అని పిలవడం ఎందుకంటే, అలా పిలిస్తే తప్పు చేప మీదికి పోతుంది. అమ్మినవాడు బాగానే ఉంటాడు, కొన్నవాడూ బాగానే ఉంటాడు.

దీని తిండి ఎట్లా ఉంటుందో చూడండి. జపాన్ దక్షిణ దీవుల నుంచి ఆస్ట్రేలియా దాకా, పగడపు దిబ్బల విరిగిన ముక్కల మధ్య బతికే చేప ఇది. పెరిగితే 7, 8 సెంటీమీటర్లు, అంతే. నోరు చిన్నది. రాయి మీద వాలుతుంది, కళ్లు తిప్పుతుంది, టక్కున ఒక పొడుపు. రెండడుగులు జరుగుతుంది, మళ్లీ పొడుపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. అది ఏరుకునేది కోపిపాడ్లు (రొయ్యల చుట్టాలైన చుక్కంత జీవులు, మనం పాడ్స్ అంటాం), సన్న పురుగులు, చిట్టి నత్తలు, చేప గుడ్లు. పూటకింత పడేస్తే కడుపునిండా తిని పడుకునే ఒళ్లు కాదు దానిది. మేత మేసే జీవం. మేకను చూడండి, గట్టున వదిలితే ఆగకుండా మేస్తూనే ఉంటుంది కదా, అట్లా.

మరి మనమేం చేస్తున్నాం? ట్యాంకు పెట్టి రెండు నెలలు కాకముందే, రాయి ఇంకా తెల్లగా మెరుస్తుండగానే తెచ్చి వేస్తున్నాం. ఆ రాయి మీద పురుగు ఎక్కడిది?

నేనూ అదే చేశాను. మొదటి మాండరిన్‌ను హైదరాబాద్‌లో ఒక షాపులో కొని, థర్మాకోల్ డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో నల్గొండ తెచ్చాను. "ఏం తింటుందన్నా" అని అడిగితే "అన్నీ తింటుంది" అన్నాడు. మొదటి రెండు వారాలు రాళ్ల మీద పొడుస్తూనే ఉంది. నేను సంబరపడ్డాను. ఆ రాళ్ల మీదున్న పురుగులన్నీ ఆ రెండు వారాల్లోనే అయిపోయాయని నాకు తెలియదు. తర్వాత పక్క రెక్క వెనక పొట్ట లోపలికి పోయింది. పైనుంచి చూస్తే తల వెడల్పు, ఒళ్లు సన్నం. 43వ రోజు పోయింది. ఆ పొద్దున కూడా రంగు తగ్గలేదు. అదే కదా మోసం, చచ్చేదాకా రంగు తగ్గదు!

రంగు మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట. దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరికి పోతూ చూస్తాం కదా. ఆ రెక్కలో నీలం రంగు పదార్థం అసలు లేదు. ఈక లోపలి సన్నటి నిర్మాణం మీద వెలుతురు పడి అట్లా కనిపిస్తుంది. నెమలిదీ అంతే. కానీ మాండరిన్ చర్మంలో ఉన్నది నిజమైన నీలి వర్ణకం. దాని కోసం ప్రత్యేక కణాలున్నాయని జపాన్ శాస్త్రవేత్తలు 1995లో రాశారు, వాటికి సయనోఫోర్లు అని పేరు పెట్టారు. వెన్నెముక ఉన్న జీవాల్లో ఇది చాలా అరుదు. మాండరిన్‌కు, దాని దగ్గరి చుట్టమైన పచ్చచుక్కల మాండరిన్‌కు ఉందని అప్పుడు చూపించారు. అలాంటి జీవాన్ని తెచ్చి కూడు పెట్టకుండా చంపుతున్నాం. నాకు కోపం రాదా?

ఇప్పుడు ఫ్రోజెన్ తమ్ముడి దగ్గరికొస్తా. తమ్ముడూ, నీ చేప ఫ్రోజెన్ మైసిస్, అంటే గడ్డకట్టించిన చిట్టి రొయ్యలు, తింటోందంటే సంతోషం. కొన్ని తింటాయి, నేను కాదనను. హేచరీలో పుట్టి పెరిగినవైతే చాలా తేలిగ్గా నేర్చుకుంటాయి. కొనేవాళ్లకు కూడా నేను అదే చెప్తా, దొరికితే హేచరీదే తీసుకోండి. కానీ రోజుకు ఎన్నిసార్లు పెడుతున్నావు? రెండుసార్లు. నువ్వు వేసిన మైసిస్‌లో ఎంత దానికి దక్కుతోంది? నీ వీడియో నేను చూశాను. క్లౌన్ చేపలు, సిక్స్‌లైన్ రాస్ అనే ఇంకో చేప వచ్చి ఎగబడి తినేశాయి. మాండరిన్ రెండు ముక్కలు ఏరుకుంది. పైగా ఆ రాస్ కూడా పొద్దంతా రాళ్ల మీద పాడ్సే ఏరుకుంటుంది. అంటే మేత ఒకటి, మేసేవి రెండు. "తింటోంది" అనేది వేరు, "సరిపోతోంది" అనేది వేరు. పొట్ట చూసి చెప్పు.

నా సిద్ధాంతం ఇది, ఎవరేమన్నా సరే. మాండరిన్‌ను పెంచడం చేపలు పెంచే పని కాదు, వ్యవసాయం. మన నల్గొండ, పాలమూరు రైతు ఎవరైనా ఇంట్లో గడ్డివాము లేకుండా బర్రెను కొంటాడా? ముందు గడ్డి చూసుకుంటాడు, తర్వాతే సంతకు పోతాడు. అందుకే అంటున్నా, సముద్రం పక్కన పుట్టినవాళ్ల కంటే మనకే ఈ చేప బాగా అర్థం కావాలి. ముందు మేత పండించండి.

మేత అంటే ఏమీ లేదు. కనీసం 200 లీటర్ల ట్యాంకు, నిండా మంచి లైవ్ రాక్, అంటే జీవాలు పట్టిన సముద్రపు రాయి. ట్యాంకు కింద నీళ్లు తిరిగే తొట్టి, అదే సంప్‌లో ఒక అర వేరుగా పెట్టి అందులో కీటో నాచు వేయండి. ఆ నాచు పాడ్స్‌కు ఊరు లాంటిది, అక్కడ వాటిని తినే చేప ఉండదు, పిల్లల్ని పెడుతూనే ఉంటాయి. టిస్బే రకం పాడ్స్ తెచ్చి రాత్రి లైట్లు ఆర్పాక, పంపులు ఆపి వదలండి. ఒకసారి వేసి ఊరుకోవద్దు, కొన్ని వారాల తర్వాత మళ్లీ వేయండి. వాటికీ తిండి కావాలి, ఫైటోప్లాంక్టన్, అంటే కంటికి కనపడనంత సన్నటి నాచు, కొంచెం కొంచెం పోయండి. లైటుకు వేలకు వేలు పోస్తారు, పాడ్స్ సీసా కొనమంటే మాత్రం ఆలోచిస్తారు!

చేప ఇప్పటికే ట్యాంకులో ఉండి పొట్ట లోపలికి పోతోందా? ఈ రోజే ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి రొయ్య గుడ్లు నానబెట్టండి. ఉప్పునీళ్లు, గాలి గొట్టం, మన వేడికి ఒక్క రోజులో పిల్లలు వస్తాయి. పుట్టిన కొద్ది గంటల్లోనే పెట్టండి, ఆలస్యమైతే వాటిలోని బలం తగ్గుతుంది. చిన్న గాజు సీసాను అడుగున పక్కకు పడుకోబెట్టి, సన్నటి గొట్టంతో పిల్లల్ని అందులోకి వదలండి. మాండరిన్ నెమ్మదిగా వచ్చి ఏరుకుంటుంది, క్లౌన్లకు అంత తేలిగ్గా అందదు. రోజుకు నాలుగైదు సార్లు చేయాలి. కష్టమే, చేయండి.

"మన ఫ్లోరైడ్ నీళ్ల వల్లే చస్తున్నాయి" అన్నవాళ్లు చాలామంది. అన్నా, ఆ ఫ్లోరైడ్ మన మనుషుల ఎముకలు వంచింది, ఆ బాధ నాకు తెలుసు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ పేరే పెట్టింది. కానీ సముద్రపు నీళ్లలోనే లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది, ఈ చేపకు అది కొత్త కాదు. బోరు నీళ్లతో అసలు చిక్కు నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు. ఆర్వో డీఐ ఫిల్టర్‌లో శుద్ధి చేసిన నీళ్లే వాడండి. మే నెలలో నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకపోతే ఫ్యాన్ పెట్టండి, 26 డిగ్రీల దగ్గర ఉంచండి. ఆవిరైన మేరకు మంచినీళ్లే పోయండి, ఉప్పునీళ్లు కాదు. కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీ గాలి పంపు ఒకటి ఉంచుకోండి. ఇవన్నీ చేయాల్సినవే. కానీ ఇవన్నీ సరిగ్గా ఉన్నా మేత లేకపోతే ఆ చేప చస్తుంది, మళ్లీ చెప్తున్నా.

కొనాలనుకుంటున్నవాళ్లు ఒక పని చేయండి. ఈ రాత్రి ట్యాంకు లైట్లు ఆర్పిన గంట తర్వాత టార్చ్ వేసి అద్దాన్ని దగ్గరగా చూడండి. తెల్లటి చుక్కలు పాకుతూ, చటుక్కున ఎగురుతూ కనిపించాలి. ఒకటీ రెండూ కాదు, ఎక్కడ చూసినా ఉండాలి. ఆ అద్దం వీడియో తీసి నాకు పంపండి. చేప కొనాలో వద్దో అది చూసి చెప్తాను.