బెజవాడ నుంచి మెల్‌బోర్న్‌కు 12 డజన్ల గాజులు

నమస్కారం అండి. రెండు వారాలుగా మెల్‌బోర్న్ వీడియోలు రావడం లేదేమని చాలామంది అడుగుతున్నారు. నేను విజయవాడలో, సత్యనారాయణపురంలోని మా అమ్మ దగ్గర ఉన్నాను. అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంకో నెల ఇక్కడే ఉంటాను. అక్కడ మెల్‌బోర్న్‌లో మా చెల్లికి ఏడో నెల. 20 రోజుల్లో సీమంతం. నేను వెళ్లలేను, అమ్మ వెళ్లలేదు. గాజులైనా ఇక్కడి నుంచి వెళ్లాలని అమ్మ పట్టుబట్టింది. అవి కూడా కొండ మీద అమ్మవారి పాదాల దగ్గర పెట్టి తెచ్చినవే కావాలి.

ఇదిగో, బల్ల మీద ఉన్నవి అవే. ఎర్రవి ఆరు డజన్లు, పచ్చవి ఆరు డజన్లు. మనం మట్టి గాజులు అంటాం గానీ అచ్చంగా గాజువే. పక్కన ఉన్నది అమ్మమ్మ లాంతరు చిమ్నీ. చెల్లి ఎప్పటినుంచో అడుగుతోంది. ఆ వెనక తాతయ్య పటం.

గాజుల విషయంలో అమ్మ "పగిలాయి" అనే మాట నోటికి రానివ్వదు. "పెరిగాయి" అంటుంది. నిన్న రాత్రి నా చేయి పట్టుకుని, "ఒక్కటి కూడా పెరగకుండా పంపించమ్మా" అంది. అందుకే ఈ పార్సిల్ మీద నాకింత శ్రద్ధ.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. పోయిన సంవత్సరం అమ్మ ఒక కొరియర్‌లో మాకు రెండు గాజు జాడీలు పంపింది. మా గుమ్మంలో పెట్టె ఎత్తగానే లోపల ఇసుక జారినట్టు చప్పుడైంది. తెరిస్తే, రెండింటికీ ఒక్కొక్క పొర పేపరు చుట్టి పక్కపక్కనే పెట్టేశారు. పెట్టెలో సగం ఖాళీ. ఒక జాడీకి మూతి చుట్టూ ఉండే రింగు మాత్రం మిగిలింది. అది అమ్మమ్మ ఉప్పు పోసుకున్న జాడీ. ఆ మాట అమ్మకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఈసారి ముందు వన్‌టౌన్ వెళ్లాను. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర గాజుల దుకాణంలో పెద్దాయన ఒకరున్నారు. "తాతగారూ, ఇవి మీ దగ్గరికి ఎలా వస్తాయి?" అని అడిగాను. మన గాజుల్లో ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో తయారవుతాయి. అంత దూరం లారీలో కుదుపులు తిని వచ్చినవి ఇక్కడ నిక్షేపంగా ఉన్నాయి కదా. ఆయన ఒక కట్ట తీసి నా చేతిలో పెట్టారు. డజను గాజుల్ని వరుసగా పేర్చి, లోపలి నుంచి దారం తీసి బిగించి కట్టారు. ఊపినా చప్పుడు లేదు. "విడిగా ఉంటే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయమ్మా. బిగించి కడితే డజనూ కలిసి ఒక్క లావు గాజు" అన్నారాయన. ఊరూరా మలారం, అంటే గాజుల కట్ట, భుజాన వేసుకుని తిరిగిన గాజులవాళ్లు ఎప్పుడో తెలుసుకున్న సంగతి ఇది. గాజు వస్తువులు ఒకదానికొకటి తగలనైనా తగలకూడదు, లేదంటే కదలకుండా ఒక్కటైనా అయిపోవాలి.

కొలత గురించి కూడా చెప్పాలి. 2.6 సైజు అంటే రెండు అంగుళాల ఆరు పదహారో వంతులు. దాన్ని రెండున్నర దాటిందనుకుని చాలామంది పొరపడతారు. రెండున్నర అంగుళాలంటే 2.8. చెల్లి ఎప్పుడూ 2.6 వేసుకుంటుంది, కానీ ఏడో నెలలో చేతులు కాస్త నీరు పడతాయి కాబట్టి 2.8 తీసుకున్నాను.

ఇంటికి వచ్చాక మా సందు చివర టీ కొట్టులో నాలుగు టీ గ్లాసులు కొన్నాను. మొదటిదాన్ని పోయినసారి లాగే ఒక పొర పేపరు చుట్టి, సగం ఖాళీగా ఉన్న అట్టపెట్టెలో పెట్టి, నడుము ఎత్తు నుంచి గచ్చు మీద వదిలాను. రెండు ముక్కలైంది. ముక్కలు కలిపి చూడండి, ఇక్కడ, అంచు మీద గోరంత పెచ్చు ఎగిరిపోయి ఉంది. పగులు గీత ఆ పెచ్చు దగ్గరే మొదలై కిందికి దిగింది. గాజును నొక్కితే చాలా ఓర్చుకుంటుంది, లాగితే, వంచితే ఓర్చుకోదు. పైన చిన్న గీత ఉన్నా లాగే బలమంతా ఆ గీత చివర చేరి పగులు పరుగెడుతుంది. అందుకే రెండు గాజు వస్తువులు దారంతా రాసుకోవడం కూడా ప్రమాదమే. కింద పడకపోయినా రాసుకున్న చోట గీతలు పడతాయి. తర్వాత చిన్న దెబ్బ చాలు.

రెండో గ్లాసుకు గుడ్డ చుట్టి, బబుల్ ర్యాప్ వేసి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఇంకో పెట్టెలో పెట్టాను. ఆరుసార్లు వదిలాను. మూలల మీద కూడా పడేలా వదిలాను. గ్లాసుకు ఏమీ కాలేదు. సాయంత్రం అమ్మ అందులోనే టీ తాగింది.

ఇక అసలు సర్దుడు. ప్రతి గాజుల కట్ట మధ్యలో పేపరును గొట్టంలా చుట్టి దూర్చాను, లోపలికి నొక్కుకుపోకుండా. పైన అమ్మ పాత మంగళగిరి నూలు చీర ముక్కలు చుట్టాను. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుకు మించిన మెత్త నాకు ఇంకేదీ కనిపించలేదు. పైగా చెల్లికి ఆ చీర గుర్తుంది. ఆ గుడ్డ మీద బబుల్ ర్యాప్, బుడగలు లోపలి వైపుకి ఉండాలి. టేపు ఎక్కడా గాజుకు అంటకూడదు. విప్పేటప్పుడు లాగితే అక్కడే పగిలే ప్రమాదం ఉంది.

చిమ్నీ సంగతి వేరు. దాని లోపల ఖాళీని మెత్తని కాగితంతో నింపాలి, కానీ కుక్కకూడదు. లోపలి నుంచి తోస్తే అది లాగే బలమే అవుతుంది. వేలు పెడితే కాగితం కాస్త లోపలికి వెళ్లాలి, అంతవరకు చాలు. తాతయ్య పటానికి అద్దం తీసేశాను. ఫొటో, చట్రం వెళ్తాయి. అద్దం మెల్‌బోర్న్‌లో కోయించుకుంటారు. తీయగలిగిన అద్దాన్ని పంపడం అనవసరమని నా గట్టి అభిప్రాయం.

అమ్మ నూజివీడు మామిడిపళ్ల పెట్టె ఒకటి, వరిగడ్డి ఒక గోనెసంచి నిండా తెప్పించి ఉంచింది. మనకు గడ్డి కంటే మంచి ప్యాకింగ్ ఏముంటుంది? నిజమే, కానీ ఆస్ట్రేలియాకు పనికిరాదు. బయటి పురుగులు, తెగుళ్లు రాకుండా పెట్టుకున్న అక్కడి బయోసెక్యూరిటీ నియమాల ప్రకారం గడ్డి, ఊక, పళ్ల పెట్టెలు, గుడ్ల అట్టలు ప్యాకింగ్‌కు వాడకూడదు. వడ్రంగితో చెక్క పెట్టె చేయిద్దామన్నా, ఆ చెక్కను శుద్ధి చేసినట్టు అంతర్జాతీయ ముద్ర ఉండాలి. వేడితో శుద్ధి చేస్తే చెక్క లోపలి వరకు 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలి. అమ్మ చీర మడతల్లో అక్షింతలు కూడా పెట్టింది. నేను కళ్లలో నీళ్లతో తీసేశాను. ఖాప్రా అనే ధాన్యపు పురుగు భయంతో వాళ్లు పోస్టులో బియ్యం రానివ్వరు. ఆ నాలుగు గింజల కోసం పెట్టె మొత్తం ఆగిపోతుంది. అమ్మకు నచ్చజెప్పడానికి గంట పట్టింది. చివరికి అక్షింతలు ఫోనులో వీడియో కాల్ ముందు వేస్తానంది.

కొత్త ఐదు పొరల అట్టపెట్టెలు రెండు తెచ్చాను. ఒకసారి వాడిన పెట్టెకు మూలల్లో బలం పోతుంది. లోపలి పెట్టె 35, 25, 20 సెంటీమీటర్లు. బయటిది 45, 35, 30. అంటే చుట్టూ అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మెత్త. ఊపి చూశాను, చప్పుడు లేదు. టేపు మధ్య అతుకు మీద, రెండు చివరల అంచుల మీద వేశాను. గాజు గ్లాసు బొమ్మ, పైకి బాణాలు ఉన్న స్టిక్కర్లు కూడా అంటించాను, కానీ వాటి మీద నమ్మకం పెట్టుకోకండి. పెట్టెలు బెల్టు మీద నుంచి జారేటప్పుడు స్టిక్కరు చదివేవాళ్లు ఉండరు.

గవర్నరుపేటలో కొరియర్ ఆఫీసుకు వెళ్లాను. తూకం 4 కిలోలు వచ్చింది, బిల్లు 9.5 కిలోలకు వేశారు. ఇక్కడ చాలామంది గొడవ పడతారు, కానీ అందులో మోసం లేదు. విమానంలో స్థలానికి కూడా డబ్బు కట్టాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే కిలోలు అసలు బరువు కంటే ఎక్కువైతే దాని ప్రకారమే తీసుకుంటారు. లోపలి పెట్టె ఒక్కటే అయితే 3.5. బయటి పెట్టెతో 9.45. ఆ 5 సెంటీమీటర్ల మెత్త వల్ల ఖర్చు రెండింతలు దాటింది. నేను ఏమాత్రం ఆలోచించకుండా కట్టాను. ఖర్చు తగ్గించాలనుకుంటే వస్తువులు తగ్గించండి, ఆ జాగాను తగ్గించకండి.

బీమా గురించి అడిగితే, గాజు పగిలితే వర్తించదని కాగితంలో చూపించారు. చాలా చోట్ల ఇలాగే ఉంటుంది. డబ్బు కట్టే ముందు ఆ వాక్యం వెతికి చదవండి. సర్దుతున్నప్పుడు ప్రతి పొరకూ ఫొటో తీసి పెట్టుకోండి. డిక్లరేషన్‌లో 'బహుమతి' అని ఊరుకోకుండా గాజు గాజులు 144, దీపం చిమ్నీ 1, ఫొటో చట్రం 1 అని, ఉన్న విలువే రాశాను.

ఈ వీడియో ఇంకా పూర్తికాకముందే, పంపిన తొమ్మిదో రోజున పెట్టె చేరింది. చెల్లి ఫోను గోడకు ఆనించి విప్పింది. చిమ్నీ ముందు తీసి వెలుతురుకు ఎత్తి చూపించింది. తర్వాత ఒక్కొక్క కట్టా విప్పుతూ చీర ముక్కల్ని ముఖానికి ఆనించుకుంది. అమ్మ ఇక్కడ కంటికి నల్లద్దాలు పెట్టుకుని ఫోనుకు దగ్గరగా జరిగి, "ఎన్ని ఉన్నాయి, లెక్కపెట్టు" అంది.

చెల్లి రెండుసార్లు లెక్కపెట్టింది. "నూట నలభై రెండు అమ్మా. పచ్చవి రెండు పెరిగాయి."

అమ్మ ఒడిలో ఉన్న పళ్లెంలోంచి అక్షింతలు తీసి ఫోను మీద వేసింది.